చేనని చెప్పిన చెరువు

మా ఊళ్లో నన్ను అబద్ధాలకోరని ఎవరూ అనరు. అవసరం పడితే తప్ప నేను అబద్ధమాడను. ఆ రోజు అవసరం పడింది, వరసగా పద్ధెనిమిది ఆడాను. పదిహేడు ఊరి కోసం, ఒకటి నా కడుపుమంట కోసం.

నా పేరు పాపారావు. కైకలూరుకు దిగువన, కొల్లేటి ఒడ్డున మా ఊరు. నాకు పన్నెండెకరాల చేపల చెరువుంది. ఉండకూడని చోట ఉంది. కొల్లేటి చుట్టూ ఐదో కాంటూరు అని, సరస్సును కాపాడటానికి సర్కారు కాగితం మీద గీసిన ఒక గీత ఉంటుంది. ఆ గీత లోపల వరి వేసుకుంటే ఎవరూ అడగరు. చెరువు తవ్వితే మాత్రం పొక్లెయిను తెచ్చి గట్లు తెగ్గొట్టి పోతారు. కాగితం మీది గీత చేపలకు కనిపించదు కదా. నాతో కలిపి మా ఊళ్లో పదిహేడు మందిమి గీత లోపలే తవ్వుకున్నాం.

జనవరిలో ఏలూరు నుంచి శ్రీరామచంద్ర గారని సర్వే ఆఫీసరు వచ్చారు. యాభై దాటిన మనిషి, బక్కపలచన, మాట మెత్తన. చిన్న విమానంలో పైనుంచి చూసి ఏది చెరువో ఏది చేనో పటం మీద గుర్తు పెట్టుకుంటామన్నారు. అయితే అందులో ఒక చిక్కుంది. జనవరిలో రెండో పంట, దాళ్వా నాట్లు పడి ఉంటాయి. నాట్లేసిన చేలో నీళ్లు మెరుస్తాయి, చెరువులోనూ నీళ్లే మెరుస్తాయి. పైనుంచి చూసినవాడికి రెండూ ఒకటే, ఫోటో తీసినా తేడా తెలియదట. అందుకని ఊరి మనిషి ఒకడు పక్కన కూర్చుని చెప్పాలి. చెరువని రాసుకున్న చోటికే తరవాత నేల మీద వెళ్లి కొలుస్తారు. చేనని రాసుకున్నదాని జోలికి ఎవరూ రారు.

"నువ్వు వెళ్లు బావా," అన్నాడు జోసెఫ్, టీ కొట్టు దగ్గర. జోసెఫ్ నా చిన్నప్పటి స్నేహితుడు, రోడ్డు పక్కనున్న పెద్ద చెరువు వాడిది. "నీకైతే ఆఫీసర్లతో మాట్లాడటం వచ్చు. మన పదిహేడూ చేలేనని చెప్పేసి వచ్చెయ్యి."

మిగతావాళ్లూ తలలూపారు. వాళ్లు నన్ను ఎంచుకున్నది నా ఇంటర్ చదువు చూసి కాదు, కన్నార్పకుండా చెప్పగలనని. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసి కూడా కొంచెం గర్వంగానే అనిపించింది.

మా ఆవిడ సారమ్మకు మాత్రం నచ్చలేదు. "ఏవండీ, నేల మీద ఆడేవి చాలవా, ఆకాశానికి ఎక్కి మరీ ఆడాలా?" అంది. ఆడవాళ్లకు లోకం తెలియదని కసిరాను.

ఇక పద్ధెనిమిదోది వీరాస్వామి సంగతి. మా వైపు చెరువు తవ్వకుండా మిగిలిన చేను ఆయనదొక్కటే. నా చెరువుకు తూర్పున, గట్టుకు ఆనుకుని ఆరెకరాలు. చుట్టూ చెరువులైపోతే మధ్యలో వరి బతకదు, ఊట దిగి మొక్క కుళ్లిపోతుంది. అందుకే అందరూ ఒకరి వెనక ఒకరు లొంగిపోయి చెరువులకు లీజుకిచ్చేశారు. ఆయన లొంగలేదు. నా చెరువు ఊట తన చేలోకి వస్తోందని మూడేళ్లుగా అర్జీ మీద అర్జీ పెడుతున్నాడు. అప్పటి నుంచి మాకు మాటల్లేవు. అర్జీ పెట్టినాయన చేనే చెరువుల జాబితాలోకి ఎక్కితే, కొలిచేవాళ్లు వచ్చి చూసేదాకా అది చేనేనని నిరూపించుకోవడానికి కాళ్లరిగేలా ఏలూరు తిరుగుతాడు కదా అనుకున్నాను. ఈ ఒక్కటీ నన్నెవరూ చెప్పమనలేదు. నా సొంత తెలివి.

గన్నవరంలో పొద్దున్నే విమానమెక్కాం. అంతకుముందు నేనెక్కిన ఎత్తైన వస్తువు కొబ్బరిచెట్టు. విమానమంటే ఎంతో అనుకున్నాను, అది మేత తోలే మా వ్యాను కంటే చిన్నదిగా ఉంది. ముందు ఒకటే ఇంజను, ఒకటే పంకా. నడిపే అమ్మాయి పేరు క్రిస్టినా. పాతికేళ్లుంటాయి. తాడేపల్లిగూడెం పక్కన పెంటపాడులో వాళ్ల నాన్నగారు స్కూలు మాస్టారట. నన్ను ముందు సీట్లో తన పక్కన కూర్చోబెట్టి, ఛాతీ మీదుగా బెల్టు బిగించి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. వెనక శ్రీరామచంద్ర గారు ఒళ్లో పటం పరుచుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చున్నారు. ముగ్గురం ఏం మాట్లాడుకున్నా ముగ్గురికీ వినిపిస్తుంది.

"ఇంజను ఆగిపోతేనో అమ్మా?" అని అడిగాను, నవ్వుతూ అడిగినట్టు.

"ఆగదులెండి బాబాయ్ గారూ. ఆగినా రాయిలా పడిపోం. జారుకుంటూ దిగుతాం. దిగడానికి చోటుంటే చాలు."

నేల వదిలాం. గాలికి విమానం ఊగినప్పుడల్లా తలుపు పిడి పట్టుకున్నాను. అది పట్టుకోకూడదని ఆ అమ్మాయి రెండుసార్లు మెల్లిగా చెప్పింది. ఏలూరు దాటాక కొల్లేరు కనిపించింది. పైనుంచి చూస్తే అది సరస్సులా లేదు. అద్దం ముక్కలు పరిచినట్టుంది, ముక్కకూ ముక్కకూ మధ్య సన్నటి గట్టు. వాటిలో ఏది చేనో ఏది చెరువో నాకు కూడా ఒక్కసారిగా తెలియలేదు. రోడ్లూ చర్చి శిఖరమూ పట్టుకుని వెతుక్కుంటే మా ఊరు దొరికింది.

అక్కడి నుంచి నా పని మొదలైంది. విమానం మా ఊరి మీద గుండ్రంగా తిరుగుతోంది. వెనక నుంచి ఆయన మెత్తగా అడుగుతారు, "ఇది ఏమిటండీ?" నేను చెప్తాను, "చేనండి." "కాలవ పక్కది?" "చేనండి." "రోడ్డు పక్కన ఆ పెద్దది?" "అదీ చేనేనండి. దాళ్వా నాట్లు." మొదటి రెండుమూడు తడుముకుంటూ చెప్పాను. తరవాత అలవాటైపోయింది. నా చెరువు వచ్చేసరికి గొంతు సవరించుకుని వివరాలు కూడా ఇచ్చాను. "నాటి ఇరవై రోజులైందండి. పిలక వేస్తోంది." నీళ్లు చిలికే ఏరియేటర్లను ముందు రోజే గట్టెక్కించి తాటాకులు కప్పించాను. నా పనితనం నాకే ముచ్చటేసింది.

"దాని పక్కన తూర్పుది?" అన్నారాయన.

"అది మాత్రం చెరువండి," అన్నాను. "అక్రమంగా తవ్వింది."

ఆయన రాసుకున్నారు. ఇంకొక చుట్టు తిరిగి వెనక్కు వెళ్లిపోదామన్నారు. నేను మొదటిసారి సీట్లో వెనక్కు ఆనుకున్నాను.

ఆ చుట్టు సగంలో ఉండగా ఇంజను దగ్గింది. డీజిలు అడుగంటినప్పుడు మా నీటి ఇంజను దగ్గినట్టే, రెండుసార్లు. ఆ దగ్గు నాకు బాగా తెలుసు. చెరువు గట్టు మీదైతే వెళ్లి ఒక తన్ను తంతాను. మూడోసారి దగ్గి ఆగిపోయింది. ముందున్న పంకా తిరుగుతోంది గానీ ఊరికే, గాలికి. అంత రొద ఒక్కసారిగా పోయి గాలి చప్పుడొక్కటే మిగిలింది.

"ఏమైందమ్మా?"

"మాట్లాడకండి."

ఆమె చేతులు వేటి మీదో పరిగెత్తాయి. ఏదో లాగింది, ఏదో తిప్పింది, ఏదో పొడిచింది. ఇంజను పలకలేదు. ఇంగ్లీషులో ఎవరికో మూడుసార్లు ఒకే మాట చెప్పి, మేం ఎక్కడున్నామో చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. మెడ మీద నరం మాత్రం తాడులా లేచింది. వెనక నుంచి శ్రీరామచంద్ర గారు విష్ణు సహస్రనామం అందుకున్నారు. ఆయన ఎక్కడెక్కడో తప్పుతున్నారని, మళ్లీ మొదటికి వస్తున్నారని నాకు కూడా తెలుస్తోంది.

"ఇంజను పోయిందండి," అంది క్రిస్టినా. "దిగిపోవాలి. బెల్టులు బాగా బిగించుకోండి. బాబాయ్ గారూ, మీ పక్క తలుపు కాస్త తీసి, దిగాక బిగుసుకుపోకుండా చెప్పు అడ్డం పెట్టండి."

చెప్పు తీసి తలుపు సందులో దూర్చాను. సందులోంచి చల్లటి గాలి కత్తిలా వచ్చింది. "ఎక్కడ దిగుతామమ్మా?"

"మీరు చెప్పిన చేలోనే. నాటి ఇరవై రోజులన్నారే, అది. పొడుగ్గా ఉంది, ఎదురుగాలి ఉంది. బురదే కదా, బోల్తా పడినా బతుకుతాం."

విమానం ముక్కు తిప్పింది. తిన్నగా నా చెరువు వైపు.

అది చేను కాదు, ఆరడుగుల నీళ్లు. చక్రాలు నీళ్లకు తగలగానే ఈ డబ్బా తలకిందులవుతుంది, మమ్మల్ని బెల్టుల్లో కట్టిపడేసి అడుగుకు పోతుంది. నాకు ఈత వచ్చు. డబ్బాలో తలకిందులుగా వేలాడేవాడికి ఈత వచ్చి ఏం లాభం? చెప్పాలి. నోరు తెరిచాను. చెప్తే నా చెరువు పోతుంది. ఒకటి అబద్ధమని తేలితే మిగతా పదహారు ఆగుతాయా? ఊరు నన్ను ఉండనిస్తుందా? నోరు మూసుకున్నాను.

ఇది ఎవరితోనూ చెప్పుకునే సంగతి కాదు, అయినా చెప్తున్నాను. చావు కళ్ల ముందుంటే మనిషికి బుద్ధి వస్తుందంటారు. నాకు రాలేదు. ఆ అమ్మాయి తనంతట తానే ఇంకో చోటు చూసుకుంటుందేమో అని ఎదురుచూశాను. నీళ్లయితే మెత్తగా ఉంటాయేమో అని కూడా అనుకున్నాను. కింద కొబ్బరిచెట్లు పెద్దవవుతున్నాయి. తలకాయల్లా కనిపించినవాటికి మట్టలు కనిపించాయి, మట్టల మధ్య గెలలు కనిపించాయి. నా గట్టు మీద తాటాకుల కుప్పలు కనిపించాయి. చెరువులో ఎగిరిపడ్డ బొచ్చె చేప తెల్లటి పొట్ట కనిపించింది. అప్పుడు నాకు భయం నిజంగా పుట్టింది. ఊరు, చెరువు, మర్యాద అన్నీ ఎగిరిపోయాయి. సారమ్మ ఒక్కతే గట్టు మీద నిలబడి నీళ్లలోకి చూస్తున్నట్టు అనిపించింది.

"అమ్మా, అది చేను కాదు," అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. మళ్లీ అన్నాను. "చెరువమ్మా. నాదే."

"లోతెంత?"

"ఆరడుగులు."

వెనక సహస్రనామం ఆగిపోయింది. క్రిస్టినా నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. "చేను ఎక్కడుంది?" అంది.

"దాని పక్కదే. తూర్పుది."

"అది చెరువన్నారు."

"అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు చెప్పేది నిజమేనా?"

ఆమె తల తిప్పి నా కళ్లలోకి చూసింది. దిగడానికి చోటు వెతుక్కోవలసిన మనిషి నా మొహం వెతుకుతోంది. కన్నార్పకుండా అబద్ధమాడేవాడినని ఊళ్లో పేరుపడ్డ నాకు నిజం ఎలా చెప్తే నమ్ముతారో తెలియలేదు. ఏడుపు వచ్చేసింది. "నిజమమ్మా. మా సారమ్మ మీద ఒట్టు. అది వీరాస్వామి చేను. ముసలాయన ఒక్కడే చెరువు తవ్వలేదమ్మా."

"తీగలున్నాయా?"

"మధ్య గట్టు మీద నా కరెంటు లైనుంది. కుడి చివర లేదు. ఆ చివర్నుంచి పోవాలి."

ఆమె కుడికి వంచింది. ఇప్పుడు చెరువంతా దాటి అవతల గట్టు కూడా దాటాలి, ఎత్తు చూస్తే లేదు. నేను నోరు మూసుకుని కూర్చున్న ఆ కాసేపటిలో కరిగిపోయిన ఎత్తు అది. విమానం నా చెరువు నీళ్ల మీదుగా పోతోంది. మా నీడ పక్కనే పరిగెడుతోంది, రానురాను దగ్గరకొస్తోంది. గూడబాతులు గుంపుగా లేచి రెండు పక్కలా చీలిపోయాయి. "ప్రభువా, ఆ గట్టు," అంది క్రిస్టినా మెల్లిగా, గట్టును బతిమాలుతున్నట్టు. ఎడమ పక్క కరెంటు స్తంభం రెక్క చివరికి జానెడు దూరంలో పోయింది. కింద ఏదో ఫట్‌మంది. చక్రం గట్టుకు తగిలింది. ఆ తరవాత ఆకాశం కిందికి వచ్చింది.

చప్పుడు ఆగాక చూస్తే నేను తలకిందులుగా వేలాడుతున్నాను. తల బురదలో ఉంది. మూడు వేళ్ల లోతు నీళ్లు, మనిషి చావడానికి అవి కూడా చాలు. ముక్కులోకి, నోట్లోకి బురద పోతోంది. బెల్టు బిగుసుకుపోయి చేతులు దాని మీద జారుతున్నాయి. పెట్రోలు వాసన. వెనక ఎవరో మూలుగుతున్నారు. తల పైకెత్తి ఒక గుక్క పీల్చడం, మెడ నొప్పికి మళ్లీ నీళ్లలో పడటం. ఎన్నిసార్లో తెలియదు. అయిపోయిందనుకున్నాను.

ఎవరిదో చెయ్యి నా జుట్టు పట్టుకుని పైకి లాగింది.

"ఒరేయ్ పాపారావూ, ఊపిరి పీల్చరా. పీల్చు." వీరాస్వామి గొంతు. మూడేళ్ల తరవాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. కొడవలితో బెల్టు కోసేశాడు. డెబ్బై ఏళ్ల మనిషి నన్ను చంకల కింద పట్టుకుని, మోకాలి లోతు బురదలో గట్టు దాకా ఈడ్చుకుపోయాడు. ఆయన చేలో పాతిక గజాల మేర నాట్లు చాపలా చుట్టుకుపోయాయి. అటు ఒకసారి చూసి, మళ్లీ వెనక్కు వెళ్లి, "ఏవండీ, భయపడకండి, మెల్లిగా రండి," అంటూ శ్రీరామచంద్ర గారిని బయటికి తీశాడు.

అప్పటికే నలుమూలల నుంచి గట్ల మీద జనం పరిగెత్తుకొచ్చేశారు. అందరూ మా ఊరి చెరువుల వాళ్లే. వలలు, తాళ్లు, వెదురుబొంగులు, ఏది దొరికితే అది పట్టుకొచ్చారు. ఇద్దరు క్రిస్టినాను మోసుకొచ్చి గట్టు మీద పడుకోబెట్టారు. ఎడమ చెయ్యి మోచేతి కింద విరిగి వంకరగా ఉంది. జోసెఫ్ చొక్కా విప్పి ఆమె తల కింద పెట్టాడు. తువ్వాలు చింపి, చిన్న వెదురు బద్ద ఆనించి కట్టు కడుతున్నాడు. "ఒక్క నిమిషం ఓర్చుకో తల్లీ, అంబులెన్సు వస్తోంది," అంటున్నాడు. నేను ముందే నోరు తెరిచి ఉంటే ఆమె తిన్నగా వచ్చి ఉండేది. ఆ చెయ్యి నేను విరగ్గొట్టిందే.

శ్రీరామచంద్ర గారి కళ్లజోడు పోయింది, నుదురు చిట్లింది. పటం మాత్రం చొక్కాలో దోపుకుని తెచ్చుకున్నారు. దాన్ని మోకాళ్ల మీద పరిచి, పెన్సిలు అడిగి తీసుకుని, కళ్లు చిట్లించి నా చెరువు మీద ఒక గుర్తు మార్చారు, వీరాస్వామి చేను మీద ఇంకొకటి మార్చారు. నన్నేమీ అడగలేదు. నేను లోపల లెక్కేసుకున్నాను. నాది పోయింది. మిగతా పదహారూ నిలబడ్డాయి. ఊరికిచ్చిన మాట దక్కింది. ఒళ్లంతా బురదతో, ముక్కులో ఇంకా నీళ్లుండగానే ఈ లెక్క వేశాను.

"బాబాయ్ గారూ," అంది క్రిస్టినా. దగ్గరకు వెళ్లి కూర్చున్నాను. ఆమె పెదవులు తెల్లబడ్డాయి. "పైన మేము ఊరికే కూర్చోమండి. ఇప్పుడు ఇంజను ఆగితే ఎక్కడ దిగాలి అని ప్రతి నిమిషం ఒక చోటు చూసి పెట్టుకుంటాం. అది దాటగానే ఇంకొకటి. మాకు మొదట నేర్పేది అదే. పొద్దుటి నుంచి మీరు చేనన్నవే నేను చూసి పెట్టుకున్నాను."

నేను చేతికంటిన బురద గడ్డికి తుడుచుకున్నాను.

"రోడ్డు పక్కన పెద్దది ఒకటుంది కదండీ. అన్నిటికంటే అది బావుందనుకున్నాను. దాని మీద ఉన్నంతసేపూ నాకు భయమే లేదు." ఆగింది. పైన ఒక్కసారి కూడా వణకని అమ్మాయి ఇప్పుడు పళ్లు టకటకలాడేలా వణుకుతోంది. "అది చేనేనా అండీ?"

కట్టు కడుతున్న జోసెఫ్ చేతులు ఆగిపోయాయి. తలెత్తి నా వంక చూశాడు. వాడి పిల్లల ఫీజులు, వాడి ఇల్లు, వాడి బతుకు అంతా ఆ చెరువే. గట్టు మీదివాళ్లంతా నా నోటి వంకే చూస్తున్నారు. చేనేనమ్మా అంటే అయిపోతుంది. ఆమె నమ్ముతుంది, నమ్మి మనసు కుదుటపడుతుంది కూడా. నాకు మళ్లీ తలకిందులుగా వేలాడుతున్నట్టే ఉంది. కాకపోతే పైన ఆ భయం రెండు నిమిషాల్లో తేలిపోయింది. ఈ మనుషుల మధ్య నేను ఇంకా బతకాలి.

"చెరువమ్మా," అన్నాను. "ఎనిమిదడుగులు."

ఆమె కళ్లు మూసుకుని తెరిచింది. "కాలవ పక్కది?"

"అదీ చెరువే."

వెనక ఎవరి చేతిలోంచో వెదురుబొంగు కింద పడింది. శ్రీరామచంద్ర గారు పటాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని పెన్సిలుతో ఆ చోట్లు వెతుకుతున్నారు. జోసెఫ్ కట్టు ముడి వేసి, ఊడదు కదా అని ఒకసారి లాగి చూసి, లేచి నిలబడ్డాడు. చొక్కా ఆమె తల కిందే వదిలేసి, నా వైపు చూడకుండా గట్టు వెంట నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

"దాని తరవాతది?" అంది క్రిస్టినా.

ఇంకా పద్నాలుగున్నాయి.